కాలును పాదమును: మన సీమ బడులలో భిన్నముల కథ

మన భాషలో నాల్గవ వంతునకు కాలు అని పేరు. అట్టివి మూడు చేరిన ముక్కాలు. మంచమునకు కాళ్ళు నాలుగు, ఆవునకు కాళ్ళు నాలుగు. నాల్గింట ఒకటి కాలు, నాల్గింట మూడు ముక్కాలు. సంస్కృతమునను రీతి ఇదియే. పాదమనగా అడుగు, పాదమనగా నాల్గవ భాగము. పద్యమునకు పాదములు నాలుగు. ఆ పాదమే ఉత్తరదేశపు వాడుకలో అరిగి అరిగి పావై మన యంగళ్ళకు వచ్చినది. పావుశేరు, పావలా అని మనమనునప్పుడెల్ల ఒక అడుగును పేర్కొనుచునే యున్నాము. భిన్నమునకు పేరు పెట్టవలసివచ్చినపుడు మన పూర్వులు తాటాకువైపు చూడలేదు. తమ కాళ్ళవైపు చూచిరి.

ఇప్పుడు అయిదవ తరగతి చదువుచున్న పిల్లను దగ్గఱకు పిలిచి, నాల్గవ వంతు పెద్దదా, ఎనిమిదవ వంతు పెద్దదా యని యడిగి చూడుడు. నాల్గుకంటె ఎనిమిది పెద్దది గనుక ఎనిమిదవ వంతే పెద్దదని తెలివిగల పిల్లలు సైతము పెక్కుమాఱులు చెప్పుదురు. ఆ పిల్లనే వంటయింటికి తీసికొనిపోయి, ఈ జొన్నరొట్టెను నలుగురు పంచుకొందురా, ఎనమండుగురు పంచుకొందురా యని యడుగుడు. ఆకలిగొన్న పిల్ల తప్పు చెప్పదు. చేతికి తెలిసినది పలకపైకి వచ్చుసరికి తెలియకపోవుట ఎందువలన? ఇది పిల్ల బుద్ధిలోని లోపము కాదు. మన చదువు నడచివచ్చిన దారిలో ఎచ్చటనో చేయి ఒక త్రోవను, అక్షరము ఒక త్రోవను పోయినవి. కర్నూలు, కడప సీమల చరిత్రలో ఆ చీలిక కొంత స్పష్టముగా కనబడుచున్నది. దానిని చదువరుల యెదుట నుంచి, తిరిగి కలుపు ఉపాయము కలదేమో విచారింపవలెనని ఈ ప్రయత్నము.

1800లో నిజాము ఇంగ్లీషు కుంపిణీకి అప్పగించిన బళ్ళారి, కడప ప్రాంతములకు దత్తమండలములని పేరు వచ్చెను. కర్నూలు నవాబు సీమ 1839లో కుంపిణీ వశమయ్యెను. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఈ భూములకు రాయలసీమ యను గౌరవనామము కలిగినది. పేరేదైనను ఇది వాన తక్కువైన నేల. కలిమి యున్నచోట పంపకమునకు తొందర లేదు. కొఱత యున్నచోటనే వంతు ప్రాణాధారము. ముగ్గురు అన్నదమ్ములకు ఒకే బావియున్న, కపిల తోలుటకు పూటలు వంతులుగా ఏర్పడును. ఒకనికి సగము పాలు, తక్కిన యిద్దఱికి కాలు కాలు అని నీరు పాఱును. పొలము కోరుకిచ్చిన రైతు సగబాలును గూర్చి మాటాడును. కళ్ళములో రాశి పడగానే ఊరి చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగి తమ మేరలకై వచ్చి నిలుతురు. భిన్నము ఇచ్చట బడిలో పుట్టలేదు. బావిగట్టున, కళ్ళములో, పొయ్యి ప్రక్కన పుట్టినది.

కళ్ళములో ధాన్యము కొలుచువానిని చూచినవారికి ఈ మాట సులభముగా బోధపడును. అతడు మొదటి కొలతను ఒకటి యనడు, లాభము అనును. ఆపైన రెండు, మూడు. ప్రతి పలుకునకు నడుము వంగును, చేతులు రాశిలో మునుగును, కొలపాత్ర నిండి లేచును, తలగొట్టబడి గోనెలో ఒలుకును. సంఖ్యయు కదలికయు ఒకే ఊపిరిలో సాగును. ఊరూరికి కొలత కొంత మాఱినను, తెలుగుదేశమున బహుళముగా వాడిన వరుస ఇది: తూమునకు నాలుగు కుంచములు, కుంచమునకు నాలుగు మానికలు, మానికకు నాలుగు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. అనగా గిద్ద తూములో 256వ వంతు. ఇంత చిన్న భిన్నమును నిరక్షరాస్యురాలైన ఇల్లాలు కన్నుమూసికొని చేతితో చెప్పగలిగెడిది. నాణెములును ఆ మెట్లమీదనే నడచినవి. రూపాయికి నాలుగు పావలాలు. పావలాకు నాలుగు అణాలు. అణాకు నాలుగు కానులు. అణాయే వీసము, పదాఱవ వంతు. కాని అఱువదినాల్గవ వంతు.

ఈ నాలుగు మెట్ల లెక్కను వ్రాయుటకు మన కరణములు, కోమట్లు వాడిన గుర్తులు చూచిన ఆశ్చర్యము కలుగును. కాలునకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముక్కాలునకు మూడు. దాని క్రింది మెట్టున వీసమునకు ఒక అడ్డగీత, రెండు వీసములకు రెండు, మూడింటికి మూడు. ఆ క్రింది మెట్టున మఱల నిలువు గీతలు. నిలువు మెట్టున ఏమియు లేనిచో అచ్చట వ్రాయు శూన్యమునకు హళ్ళి యని పేరు. అడ్డమెట్టున లేనిచో మామూలు సున్న. ‘హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న’ యను సామెతను మనము వట్టి చేతులవానిని గూర్చి వాడుచున్నాము గాని, అందు ఒక గణితశాస్త్రమే యిమిడియున్నదని ఎఱుగము. 2008లో ఈ గుర్తులు కంప్యూటరు లిపులకు ప్రపంచమంతట ప్రమాణమైన యూనికోడు పట్టికలో చోటు సంపాదించుకొన్నవి. యంత్రము గుర్తించిన అక్షరములను మన పిల్లలు గుర్తింపజాలకపోవుట విచారకరము.

ఇంతటి సంపద యుండగా బడి ఏమి చేసినది? దీనికి మంచి సాక్ష్యము 1823 నాటిది. మద్రాసు గవర్నరైన సర్ తామసు మన్రో 1822లో దేశీయ పాఠశాలలను గూర్చి అన్ని మండలములనుండి నివేదికలు కోరెను. మన్రో ఈ సీమకు క్రొత్తవాడు కాడు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల ముఖ్య కలెక్టరుగా నుండి భూములు కొలిపించినవాడు. 1827లో కర్నూలు సీమలోని పత్తికొండలో వాంతిభేదివలన మరణించినవాడు. ఆయన కోరికపై కడప కలెక్టరు తన మండలమున 494 బడులున్నవని తెలిపెను. బళ్ళారి కలెక్టరు కాంబెల్ దొర పంపిన నివేదిక అన్నిటికంటె వివరమైనది. నేడు కర్నూలు మండలమున నున్న ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వఱకు బళ్ళారిలోనివే. కావున ఆ నివేదిక మన బడులను గూర్చినదియే. 9,27,857 మంది జనములో 533 విద్యాలయములు, 6,641 మంది విద్యార్థులు అని యాతడు లెక్కించెను. అందు తెలుగు బడులు 226. బాలికలు మొత్తము 60 మంది.

కాంబెల్ వర్ణించిన వీధిబడిలో దేహమునకు చోటు లేకపోలేదు. అయిదవ యేట పిల్లవానిచేత బియ్యములో వ్రేలితో అక్షరము దిద్దించుటతో చదువు ఆరంభమగును. పిమ్మట ఇసుకలో వ్రేలితో వ్రాత. ఎక్కములు అందఱును గొంతెత్తి వల్లించుట. వ్రేలు కదలును, గొంతు కదలును. వ్రాసినది చర్మమునకు తాకును. ఈ ఇసుక వ్రాతనే మద్రాసులో చూచి మెచ్చి, ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమున ప్రవేశపెట్టి, 1797లో పుస్తకముగా ప్రకటించి, ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ఇంగ్లండునకు కొనిపోయెను. మన వీధి అరుగుమీది ఇసుక సముద్రము దాటి ఆ దేశపు పేదపిల్లలకు పలక అయినది.

కాని మెడక్రింది దేహము కదలుటకు ఆ బడిలో ఒకే సందర్భము కలదు. అది శిక్ష. ప్రొద్దున మొదట వచ్చిన బాలుని అఱచేత సరస్వతి యని వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చును. సోమరిని రెండు చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుదురు. లేదా ఎడతెగక లేచి కూర్చుండజేయుదురు. అనగా గుంజిళ్ళు. మిక్కిలి బాధాకరమైనను ఆరోగ్యమునకు మంచిదేమో యని కాంబెల్ కొంచెము చమత్కరించెను. ఆలోచించిన, ఇచ్చట ఒక విపరీతమున్నది. అందొక సంకలన శ్రేణి యున్నది. లెక్కకు తగిన కదలికయు నున్నది. కాని ఆ లెక్కను పిల్లవాడు నేర్చినది భయముతో. కదలుట యనగా తప్పు చేసినవాని పని. కదలక కూర్చుండుట యనగా బుద్ధిమంతుని లక్షణము. ఈ పాఠము ఎక్కములకంటె గట్టిగా మన మనస్సులలో నాటుకొన్నది. నేటికిని కదలని తరగతి మంచి తరగతి యని తలచు ఉపాధ్యాయులు కలరు.

రెండవ లోపము ఇంకను పెద్దది. కళ్ళములో కొలుచువాని పిల్లలలో బడికి వచ్చినవారు కొద్దిమంది. అంటరానివారనబడినవారి పిల్లలకు ఆ అరుగుపై చోటే లేదు. సోలతోను గిద్దతోను దినమంతయు భిన్నగణితము చేయుచుండిన స్త్రీలకు బడి లేదు. 6,641లో 60 యన్న సంఖ్యయే దానికి సాక్షి. బడిలో కూర్చున్న బాలుడో వీసమును వల్లించెను గాని కొలపాత్ర పట్టలేదు. చేయి తెలిసినవాడు బడికి రాలేదు. బడికి వచ్చినవాడు చేయి కదపలేదు. పండితుల విద్య మఱియొక ఎత్తున నుండెను. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున కళాసవర్ణమను పేర భిన్నములకు ఒక ప్రకరణమునే కేటాయించెను. దానిని పావులూరి మల్లన తెలుగుపద్యములలోనికి తెచ్చెను. అంతటి గ్రంథము మన భాషలో నుండియు వీధి అరుగునకు దిగలేదు.

ఇంగ్లీషు బడులు వచ్చి ఈ చీలికను మాన్పినవా? లేదు. 1821లో కడపలో బ్రౌను దొర పేదపిల్లలకు ఉచితముగా చదువు చెప్పించు రెండు బడులు నెలకొల్పెను. అది స్మరింపదగిన పని. పిమ్మట 1854 నాటి విద్యాలేఖ ననుసరించి దొరతనమువారి శాఖ ఏర్పడి, ఇన్స్పెక్టరులు వచ్చి, పలకలు, బల్లలు వచ్చినవి. పైన లవము, క్రింద హారము, నడుమ గీత అను పద్ధతి స్థిరపడెను. ఆ పద్ధతి గొప్పది. మన నాలుగు మెట్లకు అందని మూడవ వంతును, ఏడవ వంతును అది సుఖముగా పట్టును. కాని బల్లపై కూర్చున్న పిల్లవాని వ్రేలినుండి ఇసుకయు తొలగెను. పరీక్షాధికారికి కావలసినది సరియైన జవాబు. అది తెలిసి వచ్చినదా, కంఠస్థమై వచ్చినదా యని విచారించు తీఱిక లేదు.

తుదకు 1957 ఏప్రిలు 1వ తేదీన రూపాయి నూఱు నయాపైసలైనది. ఆ పిమ్మట తూనికలు, కొలతలు మెట్రిక్ పద్ధతికి మాఱినవి. దేశమంతటికి ఒకే కొలత వచ్చుట మేలే. దానిని నిందించుట అవివేకము. అయినను అణా ఆఱుంబాతిక పైసలై పగిలిపోయెను. వీసము, కాని, హళ్ళి అను మాటలకు కాలూనుటకు నేల లేకపోయెను. పాత మెట్లు విఱిగినవి; క్రొత్త మెట్లు పుస్తకములో మాత్రమే కలవు.

ఇందువలన వచ్చిన నష్టమేమి యని కొందఱు అడుగవచ్చును. లెక్క రానివానికి నష్టము మార్కులలో కాదు, పొలములో. రూపాయికి నెలకు కాని వడ్డీ అని షాహుకారు చెప్పినపుడు, కాని యెంతది, కడు చిన్న నాణెమే కదా యని రైతు తలయూచును. నూఱు రూపాయల అప్పునకు అది నెలకు రూపాయి తొమ్మిదణాలు. ఏడాదికి పదునెనిమిది రూపాయల పండ్రెండణాలు. నూటికి రూపాయి చొప్పున నైన పండ్రెండు రూపాయలే. చిన్న భిన్నము నెలలతో హెచ్చవేయబడి ఎట్లు పెరుగునో తెలియని రైతు పత్రముపై వ్రేలిముద్ర వేసెను. అతని దేహమంతటిలో బొటనవ్రేలొక్కటే లెక్కలోనికి వచ్చెను.

ఇంతకంటె దారుణమైన భిన్నమును ఈ సీమ చూచినది. 1876 మొదలు 1878 వఱకు సాగిన మహాక్షామమున కర్నూలు, బళ్ళారి, కడప మండలములు మిక్కిలి నలిగినవి. 1877లో సర్ రిచర్డు టెంపుల్ కఱవు పనులలోని కూలిని ఒకటిన్నర పౌను ధాన్యమునుండి ఒక పౌనునకు తగ్గించెను. కాగితముపై అది మూడవ వంతు తగ్గింపు. ఒక గీత, రెండంకెలు. డాక్టరు కార్నిష్ వంటివారు ఆ తిండితో కష్టపడి పనిచేయు దేహము నిలువదని గట్టిగా వాదించిరి. కొన్ని నెలలకు కూలిని మఱల కొంత పెంచిరి. 1871 జనాభా లెక్కతో పోల్చగా 1881 నాటికి కర్నూలు మండలపు జనసంఖ్య దాదాపు నాల్గవ వంతు తగ్గియుండెను. భిన్నము దేహమునకు సంబంధించినది కాదని ఎవరనగలరు? మూడవ వంతు అను మాటను ఎముకలతో తెలిసికొన్నవారి మనుమలము మనము.

దేశమున కొందఱు ఈ దోషమును గుర్తింపకపోలేదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో ఆరంభించిన శిశువిద్యలో ఒక దారుఘనమును ఎనిమిది చిన్న ఘనములుగా విడదీయు ఆటవస్తువు కలదు; పిల్ల దానిని విడదీసి కూర్చుచు సగము, పాతిక, ఎనిమిదవ వంతు చేతితో తెలిసికొనును. మేరియా మాంటిసోరి అమ్మగారు పూర్ణవృత్తము మొదలు పదవ వంతుల వఱకు ఖండింపబడిన లోహవృత్తములను పిల్లల చేతికిచ్చిరి. ఆమె 1939 నవంబరులో మద్రాసునకు వచ్చి, అడయారులోని దివ్యజ్ఞానసమాజమున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని మూలముగా చదువు చెప్పవలెననిరి. కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయములకును వయోజన విద్యకును తమ జీవితమును ధారపోసిరి. వ్రేలిముద్ర వేయు రైతును అక్షరము వేయు రైతుగా మార్చుట వారి తపస్సు. 1911 వఱకు కడప మండలములోనిదైన మదనపల్లె దగ్గఱ ఋషీవాలీ విద్యాలయమువారు చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు నడిపి, కార్డులు, ఆటలు, మెట్లుగా పాఠములు కల్పించి, పిల్లలే తూచుచు కొలుచుచు బేరమాడు మెట్రిక్ మేళాలు జరిపించిరి. ఇవి దీపములే, కాని సామాన్యమైన బడిలో ఇంకను చీకటి కలదు.

దూరపు పద్ధతులకై ఎదురుచూడ నక్కఱలేదు. మన సీమ చరిత్రలోనే మూడు సాధనములున్నవి. వానికి ఖర్చు లేదు.

మొదటిది త్రాడు. మన్రో కొలతగాండ్రు ముప్పదిమూడడుగుల గొలుసుతో పొలములు నడచిరి. అంత నిడివి, అంత వెడల్పు గల నేల ఒక గుంట. నలుబది గుంటలు ఒక ఎకరము. బడి ముంగిట అట్టి త్రాటిని పఱచి ఇద్దఱు పిల్లలచేత చెఱియొక కొన పట్టించి, నడుమ నొకని నిలుపుడు. అది సగము. మఱల మడువుడు, కాలు. మఱల మడువుడు, ఎనిమిదవ వంతు. మడత పెరిగినకొలది పిల్లలు ఒకరికొకరు దగ్గఱగా జరుగవలెను. హారము పెరిగిన భిన్నము తగ్గునని చెప్పనక్కఱలేదు, భుజములు తగులును. త్రాటివెంబడి పండ్రెండు అడుగులకు గుర్తులు పెట్టి నడపింపుడు. సగమనగా ఆఱు అడుగులు, మూడవ వంతనగా నాలుగు. రెండును చేర్చిన పది. పండ్రెండింట పది, అనగా ఆఱింట అయిదు. సగమును మూడవ వంతును చేర్చి అయిదింట రెండు అని వ్రాయు పిల్ల, నడచి చూచిన తరువాత ఆ తప్పు వ్రాయుటకు సిగ్గుపడును. ఏలయన అయిదింట రెండు సగమునకే చాలదు.

రెండవది మన పాత గుర్తులు. కాలునకు నిలువు గీత, వీసమునకు అడ్డగీత యని చెప్పియుంటిని. నిలిచిన పిల్ల కాలు; కూర్చున్న పిల్ల వీసము. ఇద్దఱు నిలిచి ముగ్గురు కూర్చున్న, అది పదునొకండు వీసములు. ఇంకొక జట్టులో ఒకరు నిలిచి ఇద్దఱు కూర్చున్న, ఆఱు వీసములు. రెండు జట్లను కలుపుడు. కూర్చున్నవారు అయిదుగురైరి, అందు నలుగురు ప్రక్కకు తప్పుకొని తమ బదులుగా ఒకనిని నిలుపవలెను. ఇప్పుడు నిలిచినవారు నలుగురు. వారందఱు చేతులు కలిపిన ఒక పూర్ణము. మిగిలినది కూర్చున్న పిల్ల ఒకటి. పదునొకండును ఆఱును పదునేడు, ఒకటియు వీసమును. లేచి కూర్చుండుట కాంబెల్ నాటి బడిలో శిక్షగా నుండెను. అదియే కదలిక ఇచ్చట కూడిక అయినది. దండనము విద్యయగుటకంటె సంస్కారమేమి కావలయును?

మూడవది తాళము. అన్నమాచార్యులు జన్మించిన తాళ్ళపాక కడప సీమలోనిది. చెక్కభజన, కోలాటము ఈ పల్లెలకు క్రొత్తవి కావు. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు: లఘువునకు నాలుగు, రెండు ద్రుతములకు రెండేసి. అనగా సగము, కాలు, కాలు. మూడును చేరి ఒక ఆవర్తము. మొదటి కాలమున అక్షరమునకు ఒక స్వరము పాడిన పిల్ల, రెండవ కాలమున రెండు, మూడవ కాలమున నాలుగు పాడును. స్వరము సగమై కాలగును, తాళము చెదరదు. పూర్ణము మాఱక భాగములు చిన్నవగుట యనగా ఇదియే. మన నాలుగు మెట్లకు లోబడని మూడవ వంతును తిశ్రగతి నేర్పును. పండ్రెండు అడుగుల త్రాటిపై ఒకడు మూడడుగులకొకమాఱు తకిట యని, మఱియొకడు నాలుగడుగులకొకమాఱు తకధిమి యని కాలు తట్టుచు బయలుదేరిన, ఇద్దఱి తట్టులును కలియునది పండ్రెండవ అడుగుననే. సామాన్య హారమును కనుగొనుట యని పుస్తకము చెప్పునది ఈ కలయికనే.

ఆక్షేపణలు కలవు. బడి ఆటలాడించుటకా యని కొందఱందురు. గొలుసుకట్టు ఎక్కములతోనే తాము పెద్దవారమైతిమందురు. ఎక్కములు వలదని నేననను. కంఠస్థమైనది అక్కఱకు వచ్చును. అట్లే అడుగు మాత్రమే చాలుననియు అనను. అడుగు వేసి ఊరకుండిన అది ఆట. అడుగు వేసి, అది యెంత యని చెప్పి, చెప్పినదానిని గీతతో వ్రాసిన అది గణితము. మూడును వరుసగా జరుగవలెను. చేయి నుండి మాటకు, మాట నుండి అక్షరమునకు. మన బడి ఇంతకాలము మూడవ మెట్టుననే పిల్లను నిలిపి, ఎక్కలేదని దండించినది.

ఆడపిల్లలు ముంగిట దుముకుట, తాళము తట్టుట ఏమి మర్యాద యని అనువారును ఇంకను లేకపోలేదు. వారికి ఒక్క మాట. 1823లో అఱువదిమంది బాలికలు బడికి వచ్చినపుడును ఇట్టి మాటలే వినబడియుండును. ఇంటిలో పాలను, పిండిని, నూనెను వంతులు వేయు భారము ఆమెదే యైనపుడు, వంతును వ్రాయు అధికారము ఆమెకేల యుండరాదు? ఆస్తిలో తన పాలెంతయో తెలిసిన స్త్రీని మోసగించుట కష్టము.

బడులు మాఱుటకు కాలము పట్టును. ఇల్లు నేడే మాఱవచ్చును. రాత్రి రొట్టె విఱుచునపుడు తల్లి తానే విఱిచి పంచక, పిల్లచేతికిచ్చి నలుగురికి సమముగా చేయుమనవచ్చును. చీర మడత పెట్టునపుడు ఒక కొన పిల్ల పట్టి, ఎన్ని మడతలకు ఎంత చిన్నదగునో తానే చెప్పవచ్చును. తండ్రి బావిగట్టుకు పోవునపుడు మన వంతు ఏ పూట, అది దినములో ఎన్నవ భాగము అని పిల్లనడిగి వినవచ్చును. ఆ పిల్ల రేపు ఎదిగి ఏ పత్రమైనను చదివి, అందులోని భిన్నము తన రొట్టెలో ఎంతయో తెలిసి, అప్పుడు సంతకము చేయవలెను. తన కాలు ఎంతయో తెలిసినవారికి ఒకరి యెదుట తలవంచవలసిన పని లేదు.